ఊరి భాగోతంలో కట్టిన వేషాలు డ్రామా స్కూలు ప్రవేశానికి అనుభవంగా పనికివస్తాయా?

ప్రశ్న (దేవరకొండ విద్యార్థిని):
అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నిరుడు నల్లగొండలో బి.ఏ. పూర్తి చేశాను. మా తాతగారు ఊళ్లో యక్షగానం నేర్పిన గురువు. ఆయన దగ్గరే దరువులూ (ఆటలో పాడే పాటలు) అడుగులూ నేర్చుకొని, గుడి ముందు నాలుగు భాగోతాల్లో వేషం కట్టాను. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమాకు దరఖాస్తు చేయాలని ఉంది. దానికి డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్న అనుభవం ఉండాలంటున్నారు. మా ఆటలకు కరపత్రాలుండవు, డప్పు చాటింపే ఉంటుంది. వాటిని అనుభవంగా చూపవచ్చునా? అక్కడ చదివితే తాతగారు నేర్పిన పద్ధతి పాడైపోతుందని ఇంట్లో భయపడుతున్నారు, ఆ భయం నాకూ కొంత ఉంది.

జవాబు (పాలమూరు రంగస్థలం):
చెల్లె, నేను అక్కడ చదివి వచ్చి, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో బడిపిల్లలతో నాటకాలు వేయిస్తున్నాను. ఆ ఏడాది ప్రకటనలో ఏ ఆధారాలు అడిగారో ముందు చూసుకొని, ఫొటోలు, వీడియోలు, ఉత్సవ కమిటీ వారు రాసిచ్చిన కాగితం ఇప్పటి నుంచే సేకరించు. మిగిలిన రెండింటికి నల్లగొండలో ఏదైనా నాటక సమాజంతో కలిసి పనిచేయి. బోధన ఎక్కువగా హిందీలో సాగుతుంది కాబట్టి రోజూ ఒక హిందీ పేజీ గట్టిగా చదువు.

ఇక పాడైపోతుందన్న భయం గురించి. మొదటి నెలలో నన్ను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద పుస్తకం పెట్టి, ఊపిరి పీల్చినప్పుడు పుస్తకం లేవాలి గాని భుజాలు కదలకూడదని చెప్పారు. మైకు లేకుండా తెల్లవార్లూ పాడే మా ఊరి వేషగాళ్లు చేసేది సరిగ్గా అదేనని నాకు ఆ రోజే అర్థమైంది. వారికి ఆ ఊపిరి తెలుసు, దాన్ని మరొకరికి విడమరచి నేర్పే మాట మాత్రం నాకు అక్కడ దొరికింది. 1977లో ఆ స్కూలు డైరెక్టరైన బి.వి. కారంత్, ఆ తర్వాత షేక్‌స్పియర్ మాక్‌బెత్‌ను కన్నడ యక్షగాన పద్ధతిలో హిందీలో ఆడించారు. నీ చేతిలో ఉన్నదాన్ని అక్కడ చిన్నచూపు చూస్తారని అనుకోకు.

జవాబు (భువనగిరి, విశ్రాంత ఉపాధ్యాయుడు):
అమ్మా, నేను కొంచెం వేరుగా చెబుతాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూలులో రంగస్థల కళల శాఖ ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ ఉంది, దానికి ఇప్పుడు మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టడం నాకెంతో సంతోషం. అక్కడైతే జాతరకు ఊరికి వచ్చి తాతగారి పక్కన నిలబడవచ్చు. గురువు వయసు పైబడినప్పుడు మూడేళ్ల దూరం చిన్న సంగతి కాదు.

అయితే కొత్తది కలిస్తే పాతది పోతుందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. మా ప్రజాకవి సుద్దాల హనుమంతు గారు గొల్లలు పాడుతూ కథ చెప్పే గొల్లసుద్దులను తీసుకొని, దొరల వెట్టి గురించీ నిజాం పాలన గురించీ జనానికి చెప్పారు. కథ మారింది గాని, నడుమ కథకుడూ పక్కన వంతపాడే వంతలూ ఉండే ఆ కట్టుబడి చెడలేదు. వెళ్లేముందు తాతగారి దరువులన్నీ ఆయన గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకో తల్లీ.

దేవరకొండ విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రికార్డింగు నిన్న రాత్రే మొదలుపెట్టాను, మూడు దరువులు అయ్యాయి. ఈ ఏడాది రెండు నాటకాలు చేసి, ఢిల్లీకీ హైదరాబాద్‌కూ రెండింటికీ దరఖాస్తు చేస్తాను. మీ జవాబులు చదివి వినిపిస్తే తాతగారు ఒక్కటే అడిగారు: అక్కడ ఆట తెల్లవారేదాకా ఆడనిస్తారా అని. పాలమూరు అన్న దీనికి జవాబు చెప్పగలరా?