ఉప్పు తగ్గిస్తే క్యారెట్ ముక్కలు పాడవుతున్నాయి, ఏం చేయాలి?

రెండు నెలలుగా సాయంత్రం మిక్చర్ మానేసి, ఉప్పునీళ్లలో ఊరిన క్యారెట్, ముల్లంగి ముక్కలు ఓ చిన్న గిన్నెడు తింటున్నాను. లీటరు నీళ్లకు 50 గ్రాముల కల్లుప్పు, వంటింటి గట్టు మీద నాలుగు రోజులు. నూనె లేదు, పీచు ఉంది, కడుపు కూడా తేలిగ్గా ఉంది. కానీ 128/82 ఉండే బీపీ ఇప్పుడు 142/90. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలంటారు కదా, అదే నా టెన్షన్. డాక్టరు గారూ తగ్గించమన్నారు.

ఉప్పు 20 గ్రాములు చేస్తే మూడో రోజుకే తెల్లటి పొర కట్టి, ముక్కలు పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటింది. మొత్తం పారబోశాను. తినేముందు కడిగినా ఉప్పదనం పోలేదు, గంట నానబెడితే పులుపూ పోయింది. వెనిగర్‌లో వేస్తే ఛాతీలో మంట. మానేయాలని మాత్రం లేదు.

ముక్కలు పాడవకుండా లీటరు నీళ్లకు కనీసం ఎన్ని గ్రాముల ఉప్పు వేయాలి?