వేట లైసెన్సుకి కట్టిన 25 డాలర్లు ఎటు పోతాయి?

ఫ్రిస్కో_శీను:
డల్లాస్ దగ్గర ఉంటాను, హెచ్‌1బీ. ఆఫీసు వాళ్ళతో షూటింగ్ రేంజ్‌కి వెళ్దామనుకుంటే, వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ పట్టుకోవాలంటే వేట లైసెన్సు ఉండాలి, ఫెడరల్ చట్టంలో ఆ మినహాయింపు ఉంది అన్నారు. సరేనని ఆన్‌లైన్‌లో 25 డాలర్లు కట్టి టెక్సాస్ లైసెన్సు తీసుకున్నా. నేనేమో జన్మలో పిట్టని కూడా కొట్టను, చిన్నప్పుడు ఇంట్లో కోడిని కోస్తుంటే వీధిలోకి పారిపోయేవాణ్ణి. మన దగ్గర జింకని కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు. ఇక్కడేమో వేటగాళ్ళ డబ్బుతోనే అడవి జంతువులు బతుకుతున్నాయంటున్నారు. నిజమేనా, లేక లైసెన్సులు అమ్ముకోవడానికి చెప్పే కబుర్లా?

ఖమ్మం_హ్యూస్టన్:
నిజమే తమ్ముడూ. ఏటా సెప్టెంబర్‌లో గువ్వల సీజన్‌కి వెళ్తాను కాబట్టి కొంచెం తెలుసు. మీరు కట్టిన డబ్బు రాష్ట్ర ఖజానాలో పడి రోడ్లకో ఇంకోదానికో పోదు, వన్యప్రాణుల శాఖకే వెళ్ళాలి. ఎందుకంటే 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ అని ఒక చట్టం చేశారు. తుపాకులు, తూటాలు తయారుచేసేవాళ్ళ దగ్గర ఫెడరల్ ప్రభుత్వం పన్ను తీసుకుంటుంది, రైఫిళ్ళు, తూటాల మీద 11 శాతం, పిస్తోళ్ళ మీద 10. ఆ డబ్బు రాష్ట్రాలకి పంచుతుంది, కానీ లైసెన్సు ఫీజుని వేరే పనికి మళ్ళించిన రాష్ట్రానికి ఇవ్వదు. అందుకే రాష్ట్రాలు దాని జోలికి పోవడానికి జంకుతాయి.

అసలు కిటుకు పంపకంలో ఉంది. ఆ డబ్బులో ఎక్కువ భాగాన్ని సగం రాష్ట్రం విస్తీర్ణాన్ని బట్టి, సగం లైసెన్సు కొన్నవాళ్ళ సంఖ్యని బట్టి పంచుతారు. కొన్నవాడు వేటకి వెళ్ళాడా, ఇంట్లో పడుకున్నాడా అని ఎవరూ అడగరు, లెక్కలో మీరూ ఒక తలే. పైగా ఒక పనికి రాష్ట్రం 25 పెట్టుకుంటే ఫెడరల్ నుంచి 75 దాకా వస్తుంది, ఆ 25 ఎక్కువగా లైసెన్సు డబ్బులోంచే తీస్తారు. 1900 ప్రాంతంలో తెల్లతోక జింకలు దేశం మొత్తం మీద ఐదు లక్షలే మిగిలాయని అంచనా, ఇప్పుడు కోట్లలో ఉన్నాయి. రాత్రిపూట హైవే మీద కారు నడిపితే మీకే తెలుస్తుంది!

గోదారి_గట్టు:
అన్న చెప్పింది కరెక్టే గానీ ఇంకో వైపు కూడా చూడాలి. ఆ పన్ను చివరికి మోసేది అంతా వేటగాళ్ళు కాదు, శీనూ గారిలా రేంజ్‌లో కాల్చేవాళ్ళూ, ఇంటి రక్షణకి పిస్తోలు కొనేవాళ్ళూ బోలెడు. రెండోది, డబ్బు ఎవరిదైతే మాట వాళ్ళదే చెల్లుతుంది కదా, జింకకి, టర్కీ కోడికి, బాతుకి దొరికే శ్రద్ధ కప్పకీ పాముకీ దొరకదు. వేటకి వెళ్ళేవాళ్ళేమో ముసలివాళ్ళవుతున్నారు, వాళ్ళ పిల్లలు వెళ్ళట్లేదు. నాకు నచ్చింది మిస్సోరీ పద్ధతి, 1976లో ఓటేసి అమ్మకం పన్నులో శాతంలో ఎనిమిదో వంతు దీనికే ఇచ్చేశారు. సబ్బు కొన్నవాడూ అడవికి కట్టినట్టే. దేశమంతటికీ ఇలాంటిది తెద్దామని ఒక బిల్లు పెడితే 2022లో కింది సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది.

బాతు_స్టాంపు:
శీనూ, తుపాకీ గొడవ లేకుండా ఇవ్వాలనుంటే పోస్టాఫీసులో డక్ స్టాంపు కొనండి. 1934 నుంచి ఉంది, ఇది కూడా 25 డాలర్లే, డాలర్‌కి 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికీ కాపాడటానికీ పోతాయి. బాతుల వేటకి తప్పనిసరి, కానీ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఎంట్రీ ఫీజు ఉన్న నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజుల్లోకి, అంటే ఫెడరల్ అభయారణ్యాల్లోకి, వచ్చే జూన్ 30 దాకా ఫ్రీగా వెళ్ళొచ్చు. మేం పిల్లల్ని తీసుకెళ్ళేది దాంతోనే.

ఫ్రిస్కో_శీను:
థాంక్స్ అందరికీ. లైసెన్సు ఎలాగూ ఆగస్టు 31 దాకా ఉంటుంది, స్టాంపు కూడా కొంటా. మా అమ్మకి మాత్రం స్టాంపు మీద బాతు బొమ్మే చూపిస్తా, లైసెన్సు సంగతి చెప్పను.