సప్లయర్‌తో లెక్కలన్నీ పంచుకుంటే లాభం ఎవరికి?

నిల్వలెక్క: మా కంపెనీలో కొత్త ప్రతిపాదన వచ్చింది. మా అమ్మకాలు, స్టాక్, రాబోయే నెలల అంచనాలు పెద్ద సప్లయర్లకు ఏరోజుకారోజు చూపిస్తాం. బదులుగా వాళ్లు తమ ఖర్చుల షీట్ మాకు చూపించాలి. దీనివల్ల ఫలితాలు నిజంగా మెరుగవుతాయా, మీటింగులు పెరగడమేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గొలుసుకట్టు: అనుమానమే అక్కర్లేదండీ. ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ డైపర్ల ఉదాహరణ చూడండి. పసిపిల్లలు డైపర్లు వాడటంలో పెద్ద హెచ్చుతగ్గులుండవు. షాపుల్లో అమ్మకాలు కొంచెం అటూఇటూ అవుతాయంతే. కానీ డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు మాత్రం ఎగిరెగిరి పడేవి. కంపెనీ తన ముడిసరుకు కోసం ఇచ్చే ఆర్డర్లు ఇంకా ఘోరం. ప్రతివాడూ కిందివాడి ఆర్డర్ చూసి, ఎందుకైనా మంచిదని కాస్త కలిపి పైకి పంపుతాడు. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు. అసలు అమ్మకం అందరికీ కనిపిస్తే ఈ భయం తగ్గుతుంది, గోదాముల్లో అనవసరంగా పేరుకున్న సరుకూ తగ్గుతుంది.

సగటుమనిషి: కథ బాగుంది, లెక్క చూద్దాం. 2000లో కాషోన్, ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే ప్రశ్నని ఒక గణిత మోడల్‌లో పరీక్షించారు. సమాచారం పూర్తిగా పంచుకుంటే సరఫరా గొలుసు, అంటే సప్లయర్ నుంచి షాపు దాకా అందరి ఖర్చు కలిపి, సగటున 2.2 శాతం తగ్గింది. అదే లీడ్ టైమ్, అంటే ఆర్డర్ ఇచ్చాక సరుకు అందేదాకా పట్టే సమయం, దాదాపు సగానికి తగ్గిస్తే 21 శాతం. కాబట్టి స్క్రీన్లు పంచుకునే బదులు లారీ త్వరగా బయల్దేరేలా చూసుకోండి.

గొలుసుకట్టు: ఆ మోడల్‌లో గిరాకీ తీరు ఎలా ఉంటుందో అందరికీ ముందే తెలుసు సార్. తెలిసిన విషయాన్ని పంచుకుంటే కలిసొచ్చేది తక్కువే. కొత్త సరుకు, సీజన్ సరుకు, ఆఫర్ పెట్టిన సరుకు విషయంలో ఆ 2.2 పట్టుకుని వేలాడకూడదు.

సగటుమనిషి: వేలాడటం లేదు. మీరు ఒక్క అంకె కూడా ఇవ్వలేదు, నేను రెండిచ్చాను.

చిన్నమాట: పేమెంట్ ఎన్ని రోజులకు వస్తుంది? ముందు అది తేల్చండి, సహకారం తర్వాత.

పాతలేత్: నేను సప్లయర్ వైపు మనిషిని. నిల్వలెక్క గారూ, ఆ ఖర్చుల షీట్ సంగతి నా దగ్గర వినండి. ఒక పెద్ద కొనుగోలుదారు "మనం భాగస్వాములం" అంటే నమ్మి మొత్తం ఇచ్చాను. స్టీలు ధర, మెషిన్ గంట ఖర్చు, కూలి, తుక్కు అమ్మితే వచ్చేది, అన్నీ. తర్వాతి ధరల మీటింగ్‌కి వాళ్ల పర్చేజ్ ఆయన నా షీటే ప్రింట్ తీసుకుని వచ్చాడు. తుక్కు వరుసకి పసుపు రంగు పూసి ఉంది. "ఇది మా మెటీరియల్ నుంచి వచ్చిందే కదా, ధరలో తగ్గించండి" అన్నాడు. మెటీరియల్ కొన్నది నేను! తుక్కు తగ్గించడానికి డై మార్పించిందీ నేనే.

సగటుమనిషి: అది బేరం. సహకారం మీద చర్చలో దాన్ని లెక్కేయలేం.

గొలుసుకట్టు: మీకు అన్యాయం జరిగింది, కాదనను. కానీ ఒక చెడ్డ కొనుగోలుదారుని చూసి మొత్తాన్ని కొట్టేయకండి. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ ఫ్యాక్టరీ కాలిపోయింది. టొయోటా కార్లకు బ్రేకుల్లో వాడే పి-వాల్వులు దాదాపు అన్నీ అక్కడివే. టొయోటా దగ్గరున్న స్టాక్ కొన్ని గంటలకు సరిపడేదే. అయినా సుమారు 200 సంస్థలు రంగంలోకి దిగి ఆ వాల్వులు తయారుచేశాయి. కారు భాగాలు ఎన్నడూ చేయని కుట్టుమిషన్ల కంపెనీ బ్రదర్ కూడా చేసింది. కొద్ది రోజుల్లోనే లైన్లు మళ్లీ కదిలాయి. ఇది కాంట్రాక్టు కాగితంతో అయ్యే పనేనా?

సగటుమనిషి: గంటల స్టాక్ పెట్టుకుని, ఒకే ఫ్యాక్టరీ మీద ఆధారపడింది ఎవరు? ముందు ఆ ప్రమాదాన్ని తెచ్చిపెట్టింది అదే వ్యవస్థ. పైగా అది అగ్నిప్రమాదం. రోజువారీ లాభనష్టాలకు సాక్ష్యం ఎలా అవుతుంది?

గొలుసుకట్టు: మీకు ఏ ఉదాహరణా సరిపోదు.

సగటుమనిషి: సరైన ఉదాహరణ ఇస్తే సరిపోతుంది.

పాతలేత్: ఆ 200 మందికి ఖర్చు ఎవరిచ్చారు?

గొలుసుకట్టు: వాల్వులు చేసిన ఖర్చు ఐసిన్ భరించింది. అదికాక టొయోటా తనకు నేరుగా సరుకిచ్చే సప్లయర్లకు, ఆ త్రైమాసికంలో వాళ్లు తనకు చేసిన అమ్మకాల్లో 1 శాతం అదనంగా ఇచ్చింది. ముందు ఎవరూ బేరమాడలేదు. అదీ నమ్మకమంటే.

పాతలేత్: చూశారా, డబ్బు వచ్చింది! మీరు నమ్మకం అంటున్నారు, నాకు అందులో 1 శాతం కనిపిస్తోంది.

గొలుసుకట్టు: అన్నిటికీ డబ్బేనా అండీ? మీ సరుకులో పస ఉంటే తగ్గించమని ఎవరూ అడగరు.

పాతలేత్: మర్యాదగా మాట్లాడండి. నా సరుకు ఇవాళ్టికీ వాళ్ల ర్యాకుల్లోనే ఉంది. వాళ్లు వాడేదాకా అది నా సొత్తే, అప్పు నాది, బ్యాంకు వడ్డీ నాది. దానికి వెండర్ మేనేజ్డ్ ఇన్వెంటరీ (కొనేవాడి స్టాక్‌ని సప్లయరే చూసుకునే పద్ధతి) అని పేరు పెట్టి, "సహకారం వల్ల మా స్టాక్ సగమైంది" అని వాళ్ల వార్షిక మీటింగ్‌లో స్లైడ్ వేసుకున్నారు. తగ్గిన సగం నా పుస్తకాల్లోకి వచ్చి కూర్చుంది. మీరు "వ్యాపార ఫలితాలు" అంటున్నప్పుడల్లా కొనేవాడి ఫలితాలే చూస్తున్నారు.

సగటుమనిషి: ఇది మాత్రం న్యాయమైన మాట. స్టాక్ ఒక బ్యాలెన్స్ షీట్ నుంచి ఇంకో దానికి జరిగితే గొలుసు మొత్తానికి ఆదా సున్నా. చిన్న సప్లయర్ కట్టే వడ్డీ ఎక్కువైతే నష్టం కూడా. నేను అడిగేది ఇదే: కొలిచేటప్పుడు ఇద్దరి లెక్కా కలిపి చూడాలి.

గొలుసుకట్టు: కలిపి చూడొద్దని నేనెప్పుడన్నాను? ఆర్డర్లు ఎగిరిపడటం తగ్గితే సప్లయర్‌కి ఓవర్‌టైమ్ తగ్గుతుంది, అర్జెంటు లారీ ఖర్చు తగ్గుతుంది. ఆ ఆదా నిజమైనదే.

పాతలేత్: నిజమే. మరుసటి ఏడాది ధర తగ్గించమన్నప్పుడు అదీ పోతుంది. నాకు అభ్యంతరం చూపించడం మీద కాదు. చూపించాక వచ్చిన ఆదాలో నా వాటా ముందే రాసిపెట్టమంటున్నాను.

చిన్నమాట: పేమెంట్ రోజులు కూడా రాయించండి.

పాతలేత్: నిల్వలెక్క గారూ, మీ ప్రతిపాదనలో ఆదా ఎలా పంచుకుంటారో ఉందా?

నిల్వలెక్క: ఇప్పుడే మళ్లీ చదివాను. లేదు. "సప్లయర్ ధరల్లో ఏటా 3 శాతం తగ్గింపు ఆశిస్తున్నాం" అని మాత్రం ఉంది.

పాతలేత్: మీ ప్రశ్నకు జవాబు దొరికింది కదా.

గొలుసుకట్టు: అలాగైతే ఖర్చుల షీట్ అడగకండి. అమ్మకాల లెక్క మాత్రం ఇవ్వండి. దానివల్ల వాళ్లకేమీ పోదు.

సగటుమనిషి: లీడ్ టైమ్ గురించి ఇంతవరకూ నేను తప్ప ఒక్కరూ మాట్లాడలేదు.