డబ్బులు కట్టి కొన్న యాంటీవైరస్సే ఇలా చేస్తే ఎవర్ని నమ్మాలండీ?

పాలకొల్లు_మేత

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు దగ్గర రొయ్యల మేత డీలర్‌షిప్, షాపులో ఉన్నది ఒకటే కంప్యూటరు, విండోస్ 11, ట్యాలీ జీఎస్టీ బ్యాంకు అన్నీ దాంట్లోనే. యాంటీవైరస్ ఫ్రీది కాదు, ఏటా డబ్బులు కట్టి రెన్యూవల్ చేయిస్తున్నదే, కంపెనీ పేరు ఇక్కడ రాయనులెండి. మొన్న ఏదో అప్‌డేట్ అయ్యాక క్రోమ్ తెరిస్తే గూగుల్ పోయి వేరే సెర్చ్ పేజీ వస్తోంది, పైన సేఫ్ సెర్చ్ అని వాళ్ల లోగోనే ఉంది. ఏం వెతికినా ముందు యాడ్‌లే. మా కుర్రోడు మేత కంపెనీ డీలర్ లాగిన్ అని కొడితే మొట్టమొదట సంబంధం లేని సైటు వచ్చింది, వాడు యూజర్‌నేమ్ కొట్టేస్తుంటే చూసి ఆపాను. గూగుల్ మళ్లీ పెడితే సాయంత్రానికి యథాప్రకారం.

సరే కదా అని యాంటీవైరస్ విండోలోనే హెల్ప్ దగ్గరున్న నంబరుకి ఫోన్ చేయించాను (నెట్‌లో వెతికి పట్టిన నంబరు కాదండీ, అది గమనించండి). ఆయన హిందీ ఇంగ్లీషు కలిపి మాట్లాడి, ఎనీడెస్క్ (దూరం నుంచి మన కంప్యూటరు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టించి లోపలికొచ్చి, సెర్చ్ సంగతి అసలు పట్టించుకోకుండా నల్ల తెర ఒకటి తెరిచి పొడుగాటి నంబరు చూపించి ఇదే మీ లైసెన్స్ ఐడీ, నేను అసలు మనిషినే అనడానికి రుజువు అన్నాడు. తర్వాత ఎర్ర గుర్తుల లిస్టు చూపించి విండోస్ మొత్తం పాడైపోయింది, దీన్ని యాంటీవైరస్ ఆపలేదు, మూడేళ్ల ప్లాన్ తీసుకోండి, ఎనిమిది వేల చిల్లర అన్నాడు. వాళ్ల సరుకు పనిచేయదని వాళ్లే చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మీరు కంపెనీ ఉద్యోగా అని అడిగితే పార్ట్‌నర్ అన్నాడు. డబ్బులు కట్టలేదు, ఫోన్ పెట్టేశాం.

ఇది దొంగ కాలా, లేక నిజంగానే కంపెనీ వాళ్లు ఇలా బయటోళ్లకి అప్పజెప్పేస్తారా? యాంటీవైరస్ తీసేయమంటారా? ఇంకోటి, అప్పుడు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది) కూడా సీపీయూకి గుచ్చే ఉంది.

అమలాపురం_హార్డ్‌వేర్

ముందు ఆ టోకెన్ పీకి బీరువాలో పెట్టండి గురువుగారూ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఆ కాల్‌లో మీ కుర్రోడు పిన్ కొట్టాడేమో అడగండి. కొట్టకపోతే కంగారు లేదు, కొట్టుంటే మాత్రం ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి సర్టిఫికెట్ రద్దు చేయించెయ్యండి.

ఆ పొడుగాటి నంబరు 888డీసీఏ60 అని మొదలయ్యిందా? అయితే అది మీ లైసెన్సూ కాదు, తోటకూర కట్టా కాదు. నల్ల తెరలో అసోక్ అని కొడితే చివర్లో వచ్చే ముక్క అది, నా షాపులో ఉన్న ప్రతి విండోస్ మెషీన్‌లోనూ అదే నంబరు, మీ పక్కింటోళ్ల దాంట్లోనూ అదే. విండోస్ సపోర్ట్ అంటూ ఫోన్లు చేసే దొంగలు ఏళ్ల తరబడి చూపిస్తున్న నంబరే అది. ఎర్ర గుర్తులు చూపించింది ఈవెంట్ వ్యూయర్‌లో, అంటే విండోస్ తన లోపల జరిగేవన్నీ రాసుకునే చిట్టాలో. బాగున్న కంప్యూటర్లోనూ అవి వందల్లో ఉంటాయండీ, అందులో 10016 అని వచ్చేదాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే రాసింది.

సెర్చ్ మళ్లీ మళ్లీ వస్తోందంటే ఊరికే ఎక్స్‌టెన్షన్ తీస్తే పోదు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి అడుగున మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్ అని ఉందేమో చూడండి. మీ మేత షాపుకి ఐటీ డిపార్ట్‌మెంట్ లేదు కదా, మరి ఎవడు మేనేజ్ చేస్తున్నట్టు? విండోస్ యాప్స్ లిస్టులో యాంటీవైరస్ కాక అదే కంపెనీ పేరుతో ఇంకో రెండు మూడు ఉంటాయి, బ్రౌజరనీ సెర్చనీ కూపన్లనీ, ముందు అవి తీసి తర్వాత క్రోమ్ రీసెట్ కొట్టండి.

గోదారి_టు_మాదాపూర్

దొంగ కాలా కంపెనీ కాలా అన్నారు కదా, రెండూ ఒకటే అయిన సందర్భాలున్నాయండీ. 2012 మార్చిలో అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీకి ఇదే జరిగింది, ఫోన్ సపోర్ట్‌ని గుర్‌గావ్‌లో ఐయోగి అనే కంపెనీకి అప్పజెప్పారు, ఫోన్ చేసినవాళ్లకి లేని సమస్యలు చూపించి వాళ్ల ప్లాన్లు అంటగడుతున్నారని అమెరికాలో ఒక సెక్యూరిటీ జర్నలిస్టు బయటపెట్టాడు, వెంటనే అవాస్ట్ ఆ సర్వీసు ఆపేసింది. 2015లో వాషింగ్టన్ రాష్ట్రం ఐయోగి మీద కేసు కూడా వేసింది. ఇంకోటి ఆఫీస్ డిపో, అది యాంటీవైరస్ కంపెనీ కాదు, అమెరికాలో ఆఫీసు సామాన్లమ్మే దుకాణాలు. అక్కడ చెకప్ పేరుతో ముందు నాలుగు ప్రశ్నలడిగేవారు, కంప్యూటరు స్లోగా ఉందా, పాపప్‌లు వస్తున్నాయా ఇలాంటివి. ఒక్కదానికి టిక్ పెట్టినా స్కాన్ చివర్లో మాల్వేర్ ఉన్నట్టు చూపించేసేది, నిజంగా ఉందో లేదో దానికి అనవసరం. 2019లో ఆ దుకాణమూ, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామూ కలిపి మూడున్నర కోట్ల డాలర్లు కట్టాయి.

ఇక సెర్చ్ సంగతి. మీ చేత వెతికిస్తే యాడ్ డబ్బుల్లో వాటా వస్తుంది, అందుకే ఆ పేజీ వదలదు. అంతకంటే పెద్దది జంప్‌షాట్. అది అవాస్ట్ కంపెనీదే, జనం ఏ సైట్లు చూస్తున్నారో ఆ డేటా వందకి పైగా కంపెనీలకి అమ్మింది, 2020 జనవరిలో గొడవై మూసేశారు, 2024లో ఎఫ్‌టీసీ (వినియోగదారుల తరఫున చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) కోటీ అరవై ఐదు లక్షల డాలర్లు కట్టించింది. వైరస్ పట్టే ఇంజిన్ బాగోలేదని ఎవరూ అనలేదు గమనించండి. అందుకే పనిచేస్తోంది కదా అన్న ఒక్క మాటతో మిగతా అన్నిటికీ ఎస్ కొట్టకూడదంటాను నేను.

పాత_హెడ్‌సెట్

నేను ఇలాంటి కాల్ సెంటర్ ఫ్లోర్‌లోనే పనిచేశానండి, ఏ కంపెనీ అన్నది వద్దు. ఆ ఫోన్లో మాట్లాడిన కుర్రోణ్ణి తిట్టకండి దయచేసి. వాడికి యాంటీవైరస్ కంపెనీ జీతం ఇవ్వదు, పార్ట్‌నర్ ఇస్తాడు, ఆ పార్ట్‌నర్‌కేమో ఫ్రీగా సాల్వ్ చేసిన కాల్ మీద పెద్దగా మిగలదు, ప్లాన్ అమ్మితేనే మిగులుతుంది. మాకు రోజుకిన్ని సేల్స్ అని బోర్డు ఉండేది, ఎన్ని సమస్యలు తీర్చామో రాసే బోర్డు మాత్రం లేదు. స్క్రిప్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరవడం ఒక స్టెప్పు, అది ఎందుకో మా టీమ్ లీడర్‌కే తెలీదు. నంబరు అసలుదే అయినా అవతల కూర్చున్నది అమ్మకాల మనిషి.

వీరవాసరం_వినోదం

మేత డీలరుగారికి ఇది కొత్తేముందండీ 😄 చెరువు దగ్గరికి వచ్చి రొయ్యకి జబ్బుందని చెప్పే టెక్నీషియనే సంచిలోంచి మందు డబ్బా తీసినట్టు. ఏమీ అనుకోకండి.

పాలకొల్లు_మేత

వినోదం గారూ, మా దాంట్లో మందు వాడకపోతే పోయేది చెరువు, ఇక్కడ ఏమీ పోదంటున్నారు కదా అదే తేడా 😄

హార్డ్‌వేర్ గారు చెప్పినట్టే మేనేజ్డ్ అని ఉంది. యాప్స్‌లో అదే కంపెనీవి ఇంకా మూడు దొరికితే తీసేశాం, సెర్చ్ పోయింది. పిన్ కొట్టలేదంటున్నాడు మావోడు. కానీ ఎనీడెస్క్ ఇంకా ఉంది, అందులో అనటెండెడ్ యాక్సెస్ అని ఆన్‌లో ఉంది, పాస్‌వర్డ్ ఎవరు పెట్టారో మాకు తెలీదు.

అమలాపురం_హార్డ్‌వేర్

అమ్మో, నెట్ కేబుల్ ఇప్పుడే పీకెయ్యండి. పాస్‌వర్డ్ ఉన్నవాడు మీరెవరూ ఓకే నొక్కకుండానే రాత్రిపూట లోపలికి రాగలడు. ఎనీడెస్క్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, బ్యాంకు, మెయిలు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, ఈ కంప్యూటర్లోంచి మాత్రం మార్చొద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసుకోండి, రూపాయి తేడా వచ్చినా ఆలోచించకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

యాంటీవైరస్ ఉంచాలా అంటే, తీసేస్తే విండోస్ డిఫెండర్ దానంతటదే ఆన్ అవుతుంది, మీ షాపుకి అది చాలు. ఆ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని ట్యాలీ బ్యాకప్ వారం వారం తీయించండి. ఆదివారం ఖాళీ ఉంటే సీపీయూ పట్టుకుని చించినాడ బ్రిడ్జి దాటి వచ్చేయండి, ఫార్మాట్ కొట్టి ఇస్తాను. మానిటరు తేవక్కర్లేదు, ట్యాలీ లైసెన్స్ సీరియల్ నంబరు మాత్రం రాసుకు రండి, అందరూ అదే మర్చిపోతారు.