2020 టండ్రాకి బయటి ట్రాన్స్‌మిషన్ కూలర్ పెట్టించాలా? క్యాంపర్‌తో కొలరాడో ప్రయాణం

గుంటూరు_ఫ్రిస్కో
అందరికీ నమస్కారం. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో 2020 టొయోటా టండ్రా పికప్ ట్రక్ తీసుకున్నాను. 5.7 వీ8, ఆరు గేర్ల ఆటోమేటిక్. జూలైలో క్యాంపర్ (పడక, వంటగది ఉన్న ట్రైలర్) తగిలించుకుని కొలరాడో వెళ్లాలని ప్లాన్. 287 హైవే మీద అమరిల్లో, డ్యూమస్, అక్కణ్ణుంచి 87 మీద డల్‌హార్ట్, క్లేటన్, ఆ తర్వాత రాటన్ పాస్. బండి కొన్నాక తెలిసింది: 2018 దాకా టో ప్యాకేజీతో (ట్రైలర్ లాగడానికి కంపెనీ ఇచ్చే సరంజామా) పాటు ముందు గ్రిల్ వెనక విడిగా ట్రాన్స్‌మిషన్ కూలర్ వచ్చేది, 2019 నుంచి తీసేశారు. బయట కొని పెట్టించాలా, అక్కర్లేదా? అమెరికా దక్షిణాది ఎండలో లాగిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత_డీజిల్
పెట్టించండి. ఆలోచించాల్సిన పనే లేదు.

వేడి ఎక్కడ పుడుతుందో ముందు చూడండి. టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) లాక్ అయినంతసేపు ఫర్వాలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు లాక్ ఊడిపోతుంది, లోపల ఆయిల్ గిలకొట్టుకుంటుంది, ఇంజన్ శక్తిలో కొంత అక్కడే వేడి కింద పోతుంది. ఆ వేడి ఎక్కడికో పోవాలి కదా. 2019 నుంచి వచ్చిన బండ్లలో దాన్ని తీసుకునేది ఇంజన్ కూలెంటే. కూలెంటే 200 డిగ్రీల (ఫారన్‌హీట్) దగ్గర ఉంటే ఆయిల్ అంతకంటే కిందికి ఎలా దిగుతుంది? ఎత్తు మీద కూలెంట్ కూడా వేడెక్కుతుంది, రెండూ కలిసి పైకి పోతాయి.

ఇది చదివి చెబుతున్నది కాదు. నా పాత బండి, కంపెనీ పేరు అనవసరం, న్యూ మెక్సికోలో ఎత్తు మీద గేరు జారడం మొదలుపెట్టింది. ఆయిల్ దింపితే నల్లగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకోలేనంత మాడు వాసన. డీలర్ దగ్గరికి తీసుకెళితే "ట్రైలర్ లాగారు కదా" అన్నారు. వారంటీ ఉంది, బరువు వాళ్లు చెప్పిన లెక్క లోపే ఉంది, అయినా చేతులెత్తేశారు. రీబిల్డ్ ఖర్చంతా నా జేబులోంచే. రెండు వందల డాలర్ల కూలర్ ముందే ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు.

కొలత_ముఖ్యం
పాత డీజిల్ గారి కష్టం అర్థమైంది. కానీ అది వేరే బండి, వేరే ట్రాన్స్‌మిషన్. టండ్రా విషయం టండ్రా లెక్కలతోనే చూడాలి.

ఎస్ఏఈ జే2807 అని ఒక ప్రమాణం ఉంది. ఏ బండి ఎంత లాగగలదో చెప్పడానికి పెట్టే పరీక్ష అది. అరిజోనాలో బుల్‌హెడ్ సిటీ పక్కన స్టేట్ రూట్ 68, డేవిస్ డ్యామ్ గ్రేడ్ అంటారు. 11.4 మైళ్లు ఎత్తు ఎక్కాలి. బయట కనీసం 100 డిగ్రీల ఎండ, ఏసీ ఫుల్, పూర్తి బరువు, వేగం 40 మైళ్ల కిందికి పడకూడదు. దీన్ని అందరికంటే ముందు, 2011 మోడల్ నుంచే, పాటించింది టొయోటానే. కూలర్ తీసేశాక కూడా 9 వేలు, 10 వేల పౌండ్ల రేటింగే ఇచ్చారు. రాటన్ పాస్ 7,834 అడుగులే గానీ ఆ ఎక్కుడు డేవిస్ డ్యామ్ అంత కఠినం కాదు.

ఇంకోటి, ఆయిల్ మరీ చల్లబడినా నష్టమే. 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో సున్నా కిందికి పోయిన సంగతి అందరికీ గుర్తుంది. ఆయిల్ వేడెక్కేదాకా కన్వర్టర్ లాక్ అవదు, లోపలి తేమ ఆవిరవదు. థర్మోస్టాట్ లేని చౌక కూలర్ పెడితే చలికాలంలో బండి నిమిషాల తరబడి మొద్దుగా నడుస్తుంది.

లేక్_టెక్సోమా
పడవ మాత్రమే లాగుతాను. ఏమీ పెట్టలేదు. బానే ఉంది.

పాత_డీజిల్
కొలత గారూ, ఆ పరీక్ష కొత్త బండితో పెడతారు. నా బండి 2 లక్షల మైళ్లు రావాలి. పరీక్ష పాసవడం వేరు, పదేళ్లు బతకడం వేరు. 175 డిగ్రీలు దాటాక ప్రతి 20 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగం అవుతుందని ట్రాన్స్‌మిషన్ షాపుల్లో గోడ మీద పట్టిక ఉంటుంది, చూసే ఉంటారు. 240 దగ్గర వార్నిష్ కడుతుంది, 260 దగ్గర సీళ్లు గట్టిపడతాయి.

కొలత_ముఖ్యం
ఆ పట్టిక పాత మినరల్ ఆయిళ్ల కాలం నాటిది. ఇప్పటి టొయోటా డబ్ల్యూఎస్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి దాన్ని అంటగట్టకూడదు. పైగా 240 ఎక్కడ కొలిచారు? పాన్‌లోనా (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), కన్వర్టర్ నుంచి బయటికొచ్చే చోటా? ఈ బండిలో రెండు రీడింగులు వస్తాయి. ఎత్తు మీద కన్వర్టర్ దగ్గర కాసేపు 240 తగిలినా పాన్‌లో 210 ఉండొచ్చు. ఏది చూస్తున్నారో చెప్పకుండా అంకె వేస్తే ఎలా?

పాత_డీజిల్
మాడేది కన్వర్టర్ నుంచి వచ్చే ఆయిలే కదా. పాన్‌లో చూసి ధైర్యం తెచ్చుకోవడం దేనికి?

కొలత_ముఖ్యం
ట్రాన్స్‌మిషన్‌లో ఎక్కువ సేపు తిరిగేది పాన్‌లో ఉన్న ఆయిల్. క్లచ్ ప్లేట్లకి అందేది ఆ ఆయిలే.

ఓక్లహోమా_ఓరుగల్లు
అన్నా, మీరిద్దరూ పాన్ దగ్గరే ఆగిపోయిండ్రు. ఆయన అడిగింది పెట్టించాలా వద్దా అని.

గ్యారేజ్_మేస్త్రి
పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. పెడితే ఎలా పెట్టాలో నేను చెబుతాను. ఈ పని చెడగొట్టుకుని షాపుకి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను.

పెట్టెలో ప్లాస్టిక్ పుల్లలు వస్తాయి, ఏసీ కండెన్సర్ రెక్కల్లోంచి గుచ్చి కూలర్‌ని దానికే బిగించమని. వాటిని పారేయండి. రోడ్డు అదురుకి కూలర్ అంచు కండెన్సర్ ట్యూబు మీద రాసుకుంటూ ఉంటుంది. మొదట అల్యూమినియం మీద మెరిసే గీత పడుతుంది, కొన్నాళ్లకి సన్నటి చిల్లు, గ్యాసంతా పోతుంది. ఆగస్టులో ఏసీ లేకుండా ఇంటికొస్తారు. ఇనప బ్రాకెట్ చేయించి ఫ్రేమ్‌కి బిగించండి, మధ్యలో వేలు దూరేంత సందు ఉండాలి.

ట్యూబు, రెక్కల రకం వద్దు. ప్లేట్లు పేర్చిన రకం తీసుకోండి, చల్లటి ఆయిల్ దానంతటది పక్కకి పోయే బైపాస్ ఉన్నది. కొలత గారు చెప్పిన చలి సమస్య దాంతో చాలావరకు తీరుతుంది. ఆయిల్ ముందు పాత హీట్ ఎక్స్చేంజర్ (కూలెంట్‌తో ఆయిల్ వేడిని లాగేది) గుండా, ఆ తర్వాత కొత్త కూలర్ గుండా, అక్కణ్ణుంచి ట్రాన్స్‌మిషన్‌కి రావాలి. తిరగేసి బిగిస్తే చల్లార్చిన ఆయిల్‌ని మళ్లీ కూలెంట్‌తో వేడి చేసినట్టే. హోస్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి పనికొచ్చేదే కొనండి, పెట్రోల్ హోస్ పనికిరాదు.

ఈ బండికి డిప్‌స్టిక్ లేదు. కూలర్‌లో, పైపుల్లో నిండినంత ఆయిల్ అదనంగా పోయాలి. నిర్ణీత వేడి దగ్గర, ఇంజన్ ఆన్‌లో ఉంచి, కింద ఓవర్‌ఫ్లో బోల్టు విప్పి ధార సన్నబడేదాకా చూడాలి. చాలామంది ఇక్కడే ఆయిల్ తక్కువ పోసి వదిలేస్తారు.

2018 దాకా వచ్చిన కంపెనీ కూలర్, పైపులు, బ్రాకెట్లు తెప్పించి బిగించుకునేవాళ్లూ ఉన్నారు. ఖర్చు ఎక్కువైనా నా ఓటు దానికే.

గుంటూరు_ఫ్రిస్కో
మేస్త్రి గారూ, చాలా థాంక్స్. వారంటీ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

పాత_డీజిల్
పోదు. మాగ్నసన్-మాస్ చట్టం 1975 నుంచి ఉంది. బయటి భాగం పెట్టారన్న ఒక్క కారణంతో వారంటీ తీసేయడానికి లేదు. ఆ భాగం వల్లే చెడిందని వాళ్లే చూపించాలి.

కొలత_ముఖ్యం
చట్టం ఉంది. అయినా మీ పాత బండి విషయంలో మీకే ఇవ్వలేదని పైన మీరే రాశారు. గుంటూరు గారు కోర్టుకి వెళ్లి గెలవాలంటారా?

పాత_డీజిల్
నా సంగతి ఎత్తకండి. ఎత్తు మీద భార్యాపిల్లలతో బండి ఆగిపోతే ఎలా ఉంటుందో మీకు తెలియదు.

కొలత_ముఖ్యం
తెలుసు కాబట్టే అడుగుతున్నాను. ఇంత రాశాం, ఇంతవరకు ఒక్కరైనా ఆయన క్యాంపర్ బరువెంతో అడిగామా? గుంటూరు గారూ, డ్రైవర్ డోర్ తెరిస్తే తలుపు ఆనే చోట పసుపు రంగు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదని ఉంది? ఎవరెవరు వెళుతున్నారు?

గుంటూరు_ఫ్రిస్కో
1,390 అని ఉంది. క్యాంపర్ ఖాళీగా 5,900, సామానుతో 7,000 కావచ్చు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న.

కొలత_ముఖ్యం
7,000లో ఎనిమిదో వంతు హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుందనుకుంటే సుమారు 900. బరువు పంచే హిచ్ సామాను ఇంకో 100. ఆరుగురు మనుషులు 700 వేసుకోండి. 1,700 అయింది. వెనక ట్రక్ బెడ్‌లో ఐస్ బాక్సు, కుర్చీలు, కట్టెలు ఇంకా వేయలేదు. 300 దాటేశారు. ట్రాన్స్‌మిషన్ ఎంత చల్లగా ఉన్నా వెనక టైర్లు, యాక్సిల్, బ్రేకులు ఆ బరువు మోయాల్సిందే. కూలర్ పెట్టాం కదా అన్న ధైర్యంతో ఎక్కువ బరువు వేసుకుని దిగుడులో ఇబ్బంది పడినవాళ్లను చూశాను. నేను మొదట్నుంచి వద్దంటున్నది అందుకే.

పాత_డీజిల్
అయితే అమ్మానాన్నలని ఇంట్లో వదిలి వెళ్లమంటారా? ఆ హిచ్ కొంత బరువు ముందు టైర్ల మీదికి, ట్రైలర్ టైర్ల మీదికి నెడుతుంది, అది మీ లెక్కలో లేదు. స్టిక్కర్ మీద అంకె కంపెనీ లాయర్లు రాసిన అంకె. నేను వాళ్ల ప్రతి అంకెకీ లోబడి నడిపాను. బరువు లోపల, వేగం లోపల, సర్వీసు టైముకి. చివరికి ఏమైంది? వాళ్ల అంకె నన్ను కాపాడలేదు. వాళ్లు చెప్పిందాని మీద నాకు నమ్మకం లేదు, అంతే. అందుకే నా బండికి ఏం కావాలో నేనే పెట్టుకుంటాను.

కొలత_ముఖ్యం
హిచ్ నెట్టేది కొంతే, 300 మొత్తం కాదు. ఆ అంకెకి లోబడి ఉన్నారు కాబట్టే మీరు డీలర్ని నిలదీయగలిగారు. అంకెను వదిలేస్తే అడగడానికి మీ దగ్గర ఏం మిగులుతుంది? మీకు జరిగింది అన్యాయమే. దానివల్ల బరువు లెక్క మారదు.

పాత_డీజిల్
స్టిక్కర్ సంగతి నేను ఒప్పుకోను. గుంటూరు గారూ, అన్నీ ఎక్కించి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద తూకం వేయించండి. చీటీలో ఒక్కో యాక్సిల్ బరువు విడిగా వస్తుంది. అది చూసి మాట్లాడదాం, అంచనాలతో కాదు.

హైదరాబాద్_లారీ
ఇక్కడ మా లారీలన్నిటికీ క్లచ్, గేర్ రాడ్ ఉన్నవే, ఈ సమస్యే తెలియదు. ఆసక్తిగా చదువుతున్నా.

మేస్త్రి_తమ్ముడు
నీళ్ల ట్యాంకు ఖాళీగా తీసుకెళ్లండి. గ్యాలన్‌కి 8 పౌండ్ల పైనే. 40 గ్యాలన్లంటే 330 పౌండ్లు. నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌లో నింపుకోవచ్చు.

గుంటూరు_ఫ్రిస్కో
శనివారం అందరినీ ఎక్కించుకుని తూకానికి వెళతాను. ఇంకా ఎక్కువొస్తే అమ్మానాన్న, పెద్దాడు మా ఆవిడ కారులో వెనకాల వస్తారు, ఇంట్లో మాట్లాడాం. కూలర్ మాత్రం నిన్న రాత్రే ఆర్డర్ పెట్టేశాను.

కొలత_ముఖ్యం
చీటీ ఫొటో పెట్టండి. ఎక్కేటప్పుడు టో/హాల్ బటన్ (బరువు లాగేటప్పుడు వాడేది) నొక్కి నాలుగో గేర్‌లో ఉంచండి, కన్వర్టర్ లాక్ ఎక్కువసేపు పట్టి ఉంటుంది. రెండు రీడింగులూ రాసుకోండి, పాన్‌దీ, కన్వర్టర్‌దీ.

గ్యారేజ్_మేస్త్రి
ఏ మోడల్ ఆర్డర్ పెట్టారు? గ్రిల్ వెనక కొలత తీసుకున్నాకే పెట్టె తెరవండి. సీల్ తీస్తే చాలాచోట్ల వాపసు తీసుకోరు.