అప్‌డేట్: మా ఊరి వికలాంగులు తీసిన ఫోటోలు

మా మండలంలోని వికలాంగుల చేతే వాళ్ళ రోజువారీ జీవితాన్ని ఫోటోలు తీయించాలనుంది, ఎలా మొదలుపెట్టాలని రెండు నెలల క్రితం అడిగాను. 'ఫోటోవాయిస్' గురించి చదవమన్నవారికి చాలా థాంక్స్. 1990లలో కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ చైనాలోని యునాన్‌లో పల్లె ఆడవాళ్ళకి కెమెరాలిచ్చి, వాళ్ళ జీవితాన్ని వాళ్ళకి తోచినట్టు తీయమని నడిపిన పద్ధతి అది. మేమూ ఏం తీయాలో చెప్పలేదు.

ఆరుగురు, సొంత ఫోన్లు, మూడు వారాలు.

వీల్‌చైర్‌లో తిరిగే అక్క ఒకే ఆఫీసు ర్యాంపును 11 సార్లు తీసింది. ప్రతిసారీ దానికి అడ్డంగా బండ్లే. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలి, అక్కడ నాలుగడుగులు కూడా లేదు.

చూపులేని బాబాయి చప్పుడు వచ్చిన వైపు ఫోన్ తిప్పి తీస్తే బస్సు వెనకభాగం పడింది. "నాకు బస్సంటే ఇదేనమ్మా, వెళ్ళిపోయాక తెలుస్తుంది" అన్నారు. కాసేపు ఎవరం మాట్లాడలేకపోయాం.

ఫోటోల కింద రాతలన్నీ వాళ్ళ మాటలే, నేనొక్క అక్షరం దిద్దలేదు. ముఖాలు పడినవాళ్ళని అడిగాకే గోడకి పెట్టాం. ఒకరు వద్దంటే తీసేశాం.

ప్రదర్శనకి ఆ ఆఫీసువాళ్ళు వచ్చారు. బండ్లు పెట్టొద్దని బోర్డు పెట్టారు. ర్యాంపు మాత్రం అలాగే ఉంది. సోమవారం అక్క మళ్ళీ ఫోటో తీయడానికి వెళ్తోంది.