అమెరికాలో ఒకాయన సంతకం పెడితే మా రొయ్యల గుంట కాడ రేటు పడిపోవాలా? వాళ్లకి పార్లమెంటు లేదా? (2025 సెప్టెంబరు నాటి మాటలు)

విడవలూరు రైతు:
నాకు నాలుగెకరాల్లో వెనామీ రొయ్య ఉంది. పోయిన నెల 27న పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) పెట్టుకున్నా. ముందురోజు సాయంత్రం ఏజెంటు ఒక రేటు ఒప్పుకున్నాడు. తెల్లారి నాలుక్కి గుంటలో నీళ్లు సగం తీసేసి, ఐసు లారీ గట్టు మీదికి వచ్చినాక ఫోన్ చేసి, 'అమెరికా సుంకం 50 శాతం అయింది, కేజీకి 35 తగ్గించుకో' అన్నాడు. అప్పుడింక ఏం చేస్తాం, ఇచ్చేశా. ఏజెంటు మీద కోపం లేదు (కొంచెం ఉందిలే). పన్ను వెయ్యాలంటే మన దగ్గర పార్లమెంటు ఉంది గదా, అమెరికాలో ఒక్క మనిషి చాలా? జనం ఊరికే చూస్తా కూర్చుంటారా?

కావలి రిటైర్డ్ టీచర్:
ముందు ఒక దిద్దుబాటు. పార్లమెంటు చేసిన చట్టం కిందే అయినా, మన దగ్గరా దిగుమతి సుంకం ఒక నోటిఫికేషన్‌తో మారిపోతుంది. వాళ్ల రాజ్యాంగం మొదటి అధికరణం 8వ సెక్షన్‌లో సుంకాలు వేసే అధికారం కాంగ్రెస్‌కే, అంటే వాళ్ల పార్లమెంటుకే రాసిపెట్టారు. ట్రంప్ చేతిలో పట్టుకున్నది 1977 నాటి అత్యవసర అధికారాల చట్టం. దిగుమతుల్ని నియంత్రించవచ్చని అందులో ఉంది, సుంకం అన్న మాట మాత్రం లేదు. తగువంతా అక్కడే. ఏప్రిల్ 30న, సుంకాల కోసం ట్రంప్ ప్రకటించిన అత్యవసర పరిస్థితిని రద్దు చేయాలని కాంగ్రెస్‌లో ఒక సభ అయిన సెనేట్‌లో ఓటింగ్ పెడితే 49-49తో వీగిపోయింది. నెగ్గినా అధ్యక్షుడు వీటో చేస్తే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు తేవాలి.

హ్యూస్టన్ నుంచి కొత్తపట్నం కుర్రాడు:
జనం ఊరుకోలేదన్నా. న్యూయార్క్‌లో వైన్ దిగుమతి చేసుకునే చిన్న కంపెనీ, పెన్సిల్వేనియాలో గాలాలు అమ్ముకునేవాళ్లు, ఇంకో ముగ్గురు చిన్న వ్యాపారులు కలిసి అధ్యక్షుడి మీదే కేసు వేశారు. మే 28న వాణిజ్య కోర్టులో గెలిచారు, ఆగస్టు 29న అప్పీలు కోర్టులో కూడా 7-4తో గెలిచారు. సుంకం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. నవంబర్‌లో సుప్రీంకోర్టు వింటానంది. మన మీద వేసిన 50 శాతంలో మొదటి 25కే ఆ కేసు వర్తిస్తుంది. మనం రష్యా చమురు కొంటున్నామని చెప్పి వేసిన రెండో 25కి ఉత్తర్వు వేరే.

నాకు పౌరసత్వం వచ్చి రెండేళ్లయింది. మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేశా. ఎత్తినమ్మాయి ముందు పిన్‌కోడ్ అడిగింది. వాళ్ల నియోజకవర్గమేనని చూసుకున్నాకే నేను చెప్పింది టైపు చేసుకుంది. టకటక శబ్దం వినపడింది, అదే తృప్తి.

కానీ ఇంకో సంగతి ఉంది. ఇక్కడ రొయ్యలు పట్టేవాళ్లూ పౌరులే గదా. 2003 చివర్లో వాళ్లే అర్జీ పెట్టి 2005 నుంచి మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకి తెచ్చి అమ్ముతున్నారని వేసే పన్ను) వేయించారు. పోయినేడు, 2024లో, మన ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీల పేరుతో ఇంకో 5.77 శాతం చేరింది. గాల్వెస్టన్ రేవులో బోటు మీద రొయ్యలు అమ్మే ముసలాయన్ని కదిపితే డీజిల్ ఖర్చు, రేటు లేదు, బయటి సరుకు ముంచేసింది అన్నాడు. అచ్చం మా నాన్న మాట్లాడినట్టే ఉంది. మాది ఏ ఊరో ఆయనకి చెప్పలేదు. రెండు పౌండ్ల రొయ్యలు కొనుక్కుని వచ్చేశా.

విడవలూరు రైతు:
అంటే ఆ గాలాలోళ్లు నా కేసు కూడా వాదిస్తా ఉండారన్నమాట! సంతోషమే. నవంబర్ అంటే ఈలోగా ఇంకో పంటకి సీడ్ (రొయ్య పిల్లలు) దించాలా వద్దా, ఆ జడ్జీలు చెప్పరు గదా సార్? తమ్ముడూ, ఆ పాప ఈసారి ఫోన్ ఎత్తితే నా 35 రూపాయలు కూడా టైపు చేయించు.